వి.వి.గిరి: ఖరగ్‌పూర్ వర్క్‌షాపు నుంచి రాష్ట్రపతి భవన్ దాకా, కార్మికుడి బేరమాడే హక్కు కోసం ఒక జీవితం

1954 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం నుంచి ఒక తెలుగువాడు తప్పుకున్నారు. పరిశ్రమల్లో తలెత్తే తగాదాలు ట్రైబ్యునళ్ల దాకా పోకూడదని రెండేళ్లుగా వాదిస్తూ వచ్చిన కార్మిక మంత్రి వరాహగిరి వెంకటగిరి, బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించినందుకు నిరసనగా పదవిని వదులుకున్నారు.

ట్రైబ్యునళ్లే వద్దన్న మనిషి ట్రైబ్యునల్ తీర్పు కోసం రాజీనామా చేయడం పైకి విచిత్రంగా కనిపిస్తుంది. ఆయన జీవితాన్ని మొదటి నుంచి చూస్తే ఈ రెండింటి వెనుక ఉన్న నమ్మకం ఒక్కటేనని తెలుస్తుంది. శ్రమకు విలువ కట్టే అధికారం యజమాని ఒక్కడి చేతిలో ఉండకూడదు. ఇరుపక్షాలూ ఎదురెదురుగా కూర్చుని దానిని తేల్చుకోవాలి. ఒకసారి తేలిన మాటను బలమున్న పక్షం తనంత తానుగా మార్చరాదు. ఈ నమ్మకానికి తొలి పెద్ద పరీక్ష ఎదురైన చోట్లలో బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం ముఖ్యమైనది.

బరంపురం నుంచి డబ్లిన్‌కు

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. నేడు ఒడిశాలో ఉన్న ఆ పట్టణం అప్పట్లో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది. తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది, కాంగ్రెస్ రాజకీయాల్లో చురుకైనవారు. తల్లి సుభద్రమ్మ జాతీయోద్యమంలో పాల్గొన్న మహిళ.

న్యాయశాస్త్రం చదివేందుకు గిరి 1913లో ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌కు వెళ్లారు. ఆ ఏడాది ఆగస్టులోనే ఆ నగరంలో చరిత్రకెక్కిన లాకౌట్ మొదలైంది. ట్రాము కంపెనీ అధిపతి విలియం మార్టిన్ మర్ఫీ నాయకత్వంలో యజమానులు ఏకమై, రవాణా కార్మికుల యూనియన్‌లో చేరబోమని సంతకం చేయనివారికి పని లేదన్నారు. సుమారు 20,000 మంది కార్మికులు నెలల తరబడి ఉపాధి కోల్పోయారు. జేమ్స్ లార్కిన్, జేమ్స్ కానలీ వారికి నాయకులు.

1914 ఆరంభంలో ఆ పోరాటం ఓటమితో ముగిసింది. ఆకలికి తాళలేక కార్మికులు తిరిగి పనుల్లో చేరారు. రెండేళ్ల తరువాత 1916 ఏప్రిల్‌లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటులో కానలీ ముందు నిలిచి, మరణశిక్షకు గురయ్యారు. ఐరిష్ జాతీయవాదులతో సంబంధాలున్నాయన్న అనుమానంపై గిరిని కూడా ఆ ఏడాదే దేశం విడిచి వెళ్లమన్నారు.

స్వదేశానికి వచ్చి న్యాయవాద వృత్తి చేపట్టిన గిరి హోం రూల్ ఉద్యమంలో చేరారు. గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపునిచ్చినప్పుడు వృత్తిని వదిలి, మద్యపానానికి వ్యతిరేకంగా ప్రచారం చేస్తూ అరెస్టయ్యారు. ఆ తరువాత ఆయన దృష్టి తన ఊరి మీదుగా సాగే రైలు మార్గం వైపు, దానిపై బతికే మనుషుల వైపు మళ్లింది.

ఇంజిన్లు బాగుచేసే ఊరు

ఆ రైలు మార్గం బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీది. వాల్తేరు నుంచి శ్రీకాకుళం, గంజాం ప్రాంతాల మీదుగా కటక్, బాలాసోర్ దాటి కలకత్తా వైపు సాగే ఈ దారిలో ఖరగ్‌పూర్ కీలకమైన జంక్షన్. ఇరవయ్యో శతాబ్ది తొలి ఏళ్లలో కంపెనీ అక్కడ తన పెద్ద వర్క్‌షాపును నెలకొల్పింది. మేదినీపూర్ జిల్లాలోని ఎర్రమట్టి నేలపై వరుస క్వార్టర్లతో, సైరన్ మోతకు లేచి పడుకునే ఒక కొత్త పట్టణం వెలిసింది.

పని వెతుక్కుంటూ దక్షిణం నుంచి రైలెక్కినవారిలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఫిట్టర్లుగా, కమ్మరులుగా, బాయిలర్ పనివారుగా, ఫైర్‌మన్లుగా, రైలు కట్ట మీద గ్యాంగ్‌మన్లుగా వారు స్థిరపడ్డారు. ఖరగ్‌పూర్ వీధుల్లో నేటికీ వినిపించే తెలుగుకు మూలం ఆ వలసలే. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషల్లో చోటు కల్పించడానికీ ఈ జనసంఖ్యే ప్రధాన కారణం.

ఆ రోజుల్లో రైల్వే కంపెనీల్లో మనిషి విలువను నిర్ణయించే పద్ధతి ఏకపక్షమైనది. యూరోపియన్లకు ఒక అంతస్తు, ఆంగ్లో ఇండియన్లకు మరొకటి, భారతీయులకు అన్నిటికన్నా కింది మెట్టు. వర్క్‌షాపుల్లో అధికులు రోజుకూలీ లెక్కన పనిచేసేవారు. పదోన్నతి, జరిమానా, సెలవు అన్నీ పై అధికారి ఇష్టాయిష్టాలపై ఆధారపడేవి. ఏళ్ల తరబడి కొలువు చేసి వెళ్లిపోయేవారికి ఇచ్చే గ్రాట్యుటీ కూడా హక్కు కాదు. నమ్మకంగా, సమర్థంగా పనిచేశాడని సంస్థ భావిస్తే దక్కే బహుమానం మాత్రమే.

ఇలాంటి చోట గిరి యూనియన్ పనికి పూనుకున్నారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేయడంలో ముఖ్యపాత్ర వహించారు. 1920ల నడుమ ఏర్పడిన అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ వ్యవస్థాపకుల్లో ఒకరై, పదేళ్లకు పైగా ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షులయ్యారు. కార్మిక సంఘాలకు తొలిసారి చట్టబద్ధమైన గుర్తింపునిచ్చిన ట్రేడ్ యూనియన్ చట్టం కూడా ఆ ఏడాదే వచ్చింది.

ఎవరు మిగులు, ఎవరు అవసరం?

1920ల రెండవ భాగంలో రైల్వే కంపెనీలను ఒక కొత్త ఆలోచన పట్టుకుంది. వర్క్‌షాపుల్లో అవసరానికి మించిన మనుషులున్నారని, వారిని తగ్గిస్తే ఖర్చు తగ్గి సామర్థ్యం పెరుగుతుందని యాజమాన్యాలు భావించాయి. నేటి మాటల్లో చెప్పాలంటే అది సంస్థాగత పునర్వ్యవస్థీకరణ. నాటి కార్మికుడికి తెలిసిన పేరు ఒక్కటే, రిట్రెంచ్‌మెంట్.

దక్షిణ భారత రైల్వేలో 1928లో కంపెనీ కార్మికులను తగ్గించబోయి, ఎవరిని ఉంచాలో తేల్చేందుకు నైపుణ్య పరీక్షలు పెట్టదలచింది. ఏళ్ల తరబడి అదే పని చేస్తున్నవారు ఈ పరీక్షలను అవమానంగానూ, తీసివేతకు సాకుగానూ భావించి ఎదురుతిరిగారు. అది పెద్ద సమ్మెగా మారింది.

ఖరగ్‌పూర్‌లో ఈ తుపాను అంతకన్నా ముందే వచ్చింది. 1927 ఫిబ్రవరిలో మొదలైన సమ్మె మార్చి దాకా సాగింది. ఆ గాయం మానకముందే సెప్టెంబరులో, వర్క్‌షాపులోని వెయ్యిమందికి పైగా కార్మికులకు ఉద్వాసన తప్పదని కంపెనీ ప్రకటించింది. కార్మికులు నిరసించగా యాజమాన్యం లాకౌట్‌కు దిగింది. సైరన్ ఆగిపోయిన రైల్వే పట్టణంలో జీతం తప్ప వేరే ఆధారం ఉండదు. పొలం లేదు, సొంత ఇల్లు లేదు. ఉంటున్న క్వార్టరు కూడా కంపెనీదే. పేరు జాబితాలో ఉన్నవాడికీ లేనివాడికీ కూడా పొయ్యి వెలగని పరిస్థితి అది.

కార్మికులను లోపలినుంచే చీల్చగల పరిస్థితి కూడా అదే. ఉద్యోగం నిలిచినవాడు, పోయినవాడి కోసం ఎందుకు ఆకలితో ఉండాలి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని యూనియన్ నిలవదు. తీసివేతకు గురైనవారి హక్కుల కోసం 1927-28 కాలంలో గిరి నడిపిన పోరాటం అహింసాయుతంగా సాగింది. కార్మికుల ఐక్యత చెదరకుండా చూడడం, హింసకు తావిచ్చి యాజమాన్యం చేతికి ఆయుధం అందించకపోవడం, చర్చల ద్వారాన్ని ఎన్నడూ మూయకపోవడం ఆయన పద్ధతి. చివరకు కంపెనీ, భారత ప్రభుత్వం చర్చలకు దిగివచ్చి కార్మికుల కోరికలను మన్నించవలసి వచ్చింది. భారత కార్మికోద్యమంలో దీనిని ఒక మైలురాయిగా చెబుతారు.

ఒక సంస్థ తన మనుషుల సంఖ్యను మార్చుకోవలసి రావచ్చు. అయితే ఎంతమంది, ఎవరు, ఏ పరిహారంతో అన్నది ఆ మనుషులతో మాట్లాడకుండా తేల్చకూడదన్న సూత్రం అక్కడ నిలబడింది.

కమిషన్ ముందుకు వెళ్లాలా, వద్దా?

1929లో బ్రిటిష్ ప్రభుత్వం భారత కార్మికుల స్థితిగతులపై రాయల్ కమిషన్‌ను నియమించింది. దాని అధ్యక్షుడు జె.హెచ్.విట్లీ. యజమానులు, ఉద్యోగులు సంయుక్త మండళ్లలో కూర్చుని సమస్యలు పరిష్కరించుకునే విధానం బ్రిటన్‌లో ఆయన పేరుతోనే ప్రసిద్ధి పొందింది.

కమిషన్‌ను బహిష్కరించాలని ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌లో అధిక సంఖ్యాకులు నిర్ణయించారు. గిరి, ఎన్.ఎం.జోషి తదితరులు అందుకు అంగీకరించలేదు. జవాహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన నాగపూర్‌లో జరిగిన మహాసభలో సంస్థ చీలింది. గిరి వర్గం ఇండియన్ ట్రేడ్ యూనియన్ ఫెడరేషన్‌ను స్థాపించింది. ప్రభుత్వంతో రాజీపడ్డారన్న విమర్శ గిరిని చాలాకాలం వెంటాడింది. ఎదుటివాడు ఎవరైనా సరే, కార్మికుడి మాట రికార్డుకెక్కే అవకాశాన్ని వదులుకోరాదన్నది ఆయన వైఖరి.

ఆ వైఖరికి ఫలితం లేకపోలేదు. రైల్వేల్లో యాజమాన్యానికీ ఉద్యోగులకూ మధ్య శాశ్వతమైన సంయుక్త యంత్రాంగం ఉండాలని కమిషన్ 1931లో సిఫార్సు చేసింది. ఆ కాలం నుంచే రైల్వే బోర్డు, రైల్వేమెన్ ఫెడరేషన్ ప్రతినిధులతో క్రమం తప్పకుండా సమావేశమవడం మొదలుపెట్టింది. గిరి 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు, 1931లో లండన్‌లో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మిక ప్రతినిధిగా వెళ్లారు.

గిరి మార్గం

1937 ఎన్నికల్లో గిరి బొబ్బిలి రాజాను ఓడించి సంచలనం సృష్టించారు. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు నిర్వహించారు. రెండు సంస్థలు తిరిగి ఏకమైన తరువాత 1942లో మళ్లీ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లారు. స్వాతంత్ర్యానంతరం సిలోన్‌లో భారత హైకమిషనర్‌గా పనిచేసి, 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రిగా చేరారు.

అప్పటికి 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం అమలులో ఉంది. చర్చలు విఫలమైతే ప్రభుత్వం వివాదాన్ని ట్రైబ్యునల్‌కు పంపవచ్చు. ఆ తీర్పు ఇరుపక్షాలకూ శిరోధార్యం. దేశానికి పారిశ్రామిక శాంతి అత్యవసరమైన కాలంలో ఈ పద్ధతి చాలామందికి సబబుగానే తోచింది.

గిరికి అలా తోచలేదు. వివాదాన్ని తీర్పరి చేతిలో పెడితే ఒకరు గెలుస్తారు, మరొకరు ఓడతారు. మరునాడు ఆ ఇద్దరే ఒకే యంత్రం దగ్గర కలిసి పనిచేయాలి. ఓడినవాడి కక్ష పనిలో కనిపిస్తుంది. పైగా కోర్టుకు వెళ్లే దారి తెరచి ఉంటే ఇరుపక్షాలూ మనసు విప్పి మాట్లాడవు. కేసు బలంగా ఉండేలా కోరికలు పెంచి, ఇవ్వగలిగినది దాచిపెట్టుకుంటాయి. యూనియన్ కూడా సభ్యులను కూడగట్టే పని మాని వకీళ్ల చుట్టూ తిరుగుతుంది. బలమైన, బాధ్యత తెలిసిన యూనియన్, దానిని గుర్తించి గౌరవించే యాజమాన్యం, ఈ ఇద్దరి మధ్య స్వచ్ఛందమైన ఒప్పందం, ఇదీ ఆయన ప్రతిపాదన. పారిశ్రామిక సంబంధాల గ్రంథాల్లో దీనికి గిరి అప్రోచ్ అన్న పేరు స్థిరపడింది.

1952 అక్టోబరులో నైనిటాల్‌లో జరిగిన భారత కార్మిక మహాసభలో ఈ అంశం చర్చకు వచ్చింది. వ్యతిరేకత గట్టిగానే ఎదురైంది. అన్ని చోట్లా ఖరగ్‌పూర్ వంటి కూడిన బలం లేదు. చిన్న మిల్లులో యాభైమంది కార్మికులు యజమాని ముందు ఏ బలంతో బేరమాడగలరు? ట్రైబ్యునల్ కూడా లేకపోతే వారికి దిక్కెవరు? ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. గిరి మార్గానికి ఉన్న అసలు పరిమితీ అదే. చట్టం మారలేదు.

మాట తప్పిన చోట

ఆ సమయంలోనే బ్యాంకు ఉద్యోగుల వివాదం పతాక స్థాయికి చేరింది. జీతాలు, భత్యాలపై ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పుపై వివాదం అప్పీలుకు వెళ్లింది. లేబర్ అప్పిలేట్ ట్రైబ్యునల్ 1954లో ఉద్యోగులకు మెరుగైన నిర్ణయాన్ని ప్రకటించింది. ఆ భారం బ్యాంకులు మోయలేవన్న వాదనతో ప్రభుత్వం తీర్పులోని కొన్ని అంశాలను ఉద్యోగులకు ప్రతికూలంగా సవరించింది.

గిరి ఆ నిర్ణయంలో భాగస్వామిగా ఉండలేకపోయారు. ట్రైబ్యునల్ పద్ధతి ఆయనకు నచ్చనిదే. అయినా ఇరుపక్షాలూ ఆ దారిలో నడవాలని శాసించింది ప్రభుత్వమే. ఉద్యోగులు సమ్మె మాని తీర్పు కోసం నిరీక్షించారు. తీరా ఫలితం వచ్చాక దానిని కుదిస్తే, ఇక ఏ కార్మికుడు ఏ చర్చను నమ్ముతాడు? ఆయన రాజీనామా చేశారు. మరుసటి ఏడాది గజేంద్రగడ్కర్ కమిషన్ నివేదిక ఆధారంగా పార్లమెంటు చేసిన చట్టంతో అప్పిలేట్ ట్రైబ్యునల్ నిర్ణయం చాలావరకు తిరిగి అమలులోకి వచ్చింది.

పదవి వదిలిన తరువాత గిరి తన అనుభవాన్ని గ్రంథస్థం చేశారు. పారిశ్రామిక సంబంధాలపై, భారత పరిశ్రమల్లోని కార్మిక సమస్యలపై ఆయన రాసిన పుస్తకాలు విద్యార్థులకు ఆధార గ్రంథాలయ్యాయి. 1957లో ఏర్పడిన ఇండియన్ సొసైటీ ఆఫ్ లేబర్ ఎకనామిక్స్‌కు ఆయనే తొలి అధ్యక్షులు.

రాష్ట్రపతి భవన్‌లో ఉండగా

ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాల గవర్నరుగా, 1967 నుంచి ఉపరాష్ట్రపతిగా పనిచేసిన గిరి, 1969 మేలో జాకిర్ హుస్సేన్ మరణంతో తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సును జారీ చేసి, మరునాడే పదవికి రాజీనామా చేసి, స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల బరిలో నిలిచారు. నీలం సంజీవరెడ్డిపై స్వల్ప ఆధిక్యంతో గెలిచారు. పదిహేనేళ్ల కిందట బ్యాంకు ఉద్యోగుల కోసం పదవి వదిలిన మనిషి సంతకంతోనే ఆ బ్యాంకులు ప్రభుత్వ పరం కావడం చరిత్రలోని ఒక విశేషం.

ఆ పదవీకాలం చివరి ఏడాది మరింత కఠినమైనది. బోనస్, వేతన సమానత, ఇంజిన్ సిబ్బందికి ఎనిమిది గంటల పనిదినం కోరుతూ రైల్వే కార్మికులు 1974 మేలో సమ్మెకు సిద్ధమయ్యారు. పోరాటానికి ముందు నిలిచింది గిరి స్థాపకుల్లో ఒకరైన రైల్వేమెన్ ఫెడరేషనే. అప్పటి అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్‌ను, చర్చలు ఇంకా తెగకముందే మే 2న అరెస్టు చేశారు. మే 8న మొదలైన సమ్మెను ప్రభుత్వం వేలాది అరెస్టులతో, ఉద్వాసనలతో అణచివేసింది. క్వార్టర్ల నుంచి కుటుంబాలను బయటకు నెట్టిన ఘటనలు కూడా జరిగాయి. మే 27న సమ్మె ఆగిపోయింది. రాజ్యాంగం ప్రకారం మంత్రివర్గ సలహాపై నడుచుకోవలసిన రాష్ట్రపతి స్థానంలో ఆనాడు ఉన్నది గిరి. జీవితమంతా ఏ బల్ల కోసం పోరాడారో, ఆ బల్ల తన కళ్ల ముందే విరిగిపోయింది. అదే ఏడాది ఆగస్టులో ఆయన పదవీ విరమణ చేశారు.

దయ నుంచి లెక్కకు

1975లో భారతరత్న పురస్కారం అందుకున్న గిరి 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. ఆయన మరణానికి కొద్దికాలం ముందే రైల్వేల్లో ఒక కీలకమైన మార్పు వచ్చింది. 1974లో నిరాకరించిన బోనస్, 1979-80 నుంచి ఉత్పాదకతతో ముడిపడిన బోనస్‌గా అమలులోకి వచ్చింది. కేంద్ర ప్రభుత్వ శాఖాపరమైన సంస్థల్లో ఈ పద్ధతి మొదట ప్రారంభమైంది రైల్వేలోనే. గుర్తింపు పొందిన రెండు ఉద్యోగుల సమాఖ్యలతో సంప్రదించి దీనిని రూపొందించారు.

రవాణా అయిన సరుకు, ప్రయాణికుల రాకపోకలు, సిబ్బంది సంఖ్య వంటి లెక్కలపై ఎన్ని రోజుల వేతనం ఇవ్వాలో తేలుతుంది. ఇటీవలి సంవత్సరాల్లో అది 78 రోజులు. నెలకు 7,000 రూపాయల పరిమితిపై లెక్కకట్టడం వల్ల ఒక్కొక్కరికి గరిష్ఠంగా అందేది 17,951 రూపాయలే. ఈ పరిమితిని పెంచాలన్న కోరిక నేటికీ చర్చల్లో ఉంది. ఒక్క వ్యక్తి పనితీరుపై ఒక్క అధికారి ఇచ్చే మార్కు దీనికి ఆధారం కాదు. అందరూ కలిసి లాగిన బండికి అందరికీ వచ్చే వాటా ఇది. దసరాకు ముందు ఖరగ్‌పూర్ క్వార్టర్లకు చేరే ఆ డబ్బు, ఒకప్పుడు అధికారి దయపై ఆధారపడిన గ్రాట్యుటీకి చాలా దూరం వచ్చిన సంగతి.

కంపెనీ పాలన 1944లోనే ముగిసింది. ఖరగ్‌పూర్ ఇప్పుడు ఆగ్నేయ రైల్వేలో భాగం. 1952 జనవరి నుంచి రైల్వేల్లో శాశ్వత సంప్రదింపుల యంత్రాంగం పనిచేస్తోంది. ఏ యూనియన్‌కు గుర్తింపు ఇవ్వాలో 2007 నుంచి ఉద్యోగులు రహస్య బ్యాలెట్ ద్వారా తేలుస్తున్నారు. యాజమాన్యం ఎదుట ఎవరు కూర్చోవాలో కార్మికుడే నిర్ణయించే ఈ ఏర్పాటు గిరి కోరుకున్న దారికి దగ్గరగా ఉంది.

నైనిటాల్‌లో లేచిన ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది. ఆ ఓటు శాశ్వత ఉద్యోగులకే. అదే స్టేషన్‌ను ఊడ్చే, అదే బోగీలను కడిగే కాంట్రాక్టు కార్మికుడికి ఆ ఓటు లేదు, ఆ బోనస్ లేదు. నోయిడాలోని జాతీయ కార్మిక అధ్యయన సంస్థ 1995 నుంచి గిరి పేరుతో నడుస్తోంది. ఆయన పేరుకు అసలైన స్మారకం మాత్రం ఆ బల్ల దగ్గర ఇంకా చోటు దొరకనివారికి కుర్చీ వేసిన రోజునే పూర్తవుతుంది.